కిరాయి ఇళ్ల యజమానులకు: ఈ వేసవి నుంచి మా పనితీరులో వస్తున్న మార్పులు

గౌరవనీయులైన ఇంటి యజమానులకు నమస్కారం.

హైదరాబాద్‌లోని మల్కాజిగిరి, ఉప్పల్, ఈసీఐఎల్ ప్రాంతాల్లో మీరు మాకు అప్పగించిన కిరాయి ఇళ్ల మరమ్మతుల విషయంలో ఈ వేసవి నుంచి రెండు మార్పులు చేస్తున్నాము. చెమ్మ ఉన్న గోడకు ఇకపై రంగు వేయము. ఆ చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి, ఆపి, గోడ పూర్తిగా ఆరిన తరువాతనే రంగు పని ఒప్పుకుంటాము. అలాగే కిరాయిదారు ఖాళీ చేసినప్పుడు మాత్రమే కాకుండా, ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి ఇల్లంతా పరిశీలించి, ఫొటోలతో సహా నివేదిక రాసి ఇస్తాము. దానికి 1,500 రూపాయలు తీసుకుంటాము. ఆ ఏడాది మాతో ఏ పని చేయించినా బిల్లులో ఆ మొత్తాన్ని మినహాయిస్తాము.

మా రాబడిలో పెద్ద వాటా రంగు పనులదే కనుక, మొదటి నిర్ణయం వల్ల ముందుగా దెబ్బ తగిలేది మాకే. అయినా తీసుకున్నాము. టులెట్ బోర్డు పెట్టే ముందు గోడలు తళతళలాడాలని ఎవరైనా కోరుకుంటారు. కానీ చెమ్మ గోడకు లప్పం పెట్టి రంగు వేయడం పుండుకు పౌడరు అద్దడం వంటిదే. లోపలి తేమ బయటికి వచ్చేటప్పుడు సిమెంటులోని, ఇటుకలలోని లవణాలను వెంట తెస్తుంది. నీరు ఆవిరైపోగా మిగిలిన ఉప్పు లప్పాన్ని పొట్టులాగా లేపేస్తుంది. వానాకాలం గడిచేసరికి అదే గోడకు మళ్లీ లప్పం, మళ్లీ రంగు, మళ్లీ కూలి.

ఆ తేమకు కారణం చాలా ఇళ్లలో చిన్నదే. ట్యాంకు నిండినప్పుడు పొర్లే నీరు పైపులోంచి గోడ మీదికే జారుతుంటుంది. డాబా మీద వాన నీరు పోయే తూము ఆకులతో పూడిపోయి, నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి. పిట్టగోడ పగుల్లో మొలిచిన రావి మొక్కను చూసీ చూడనట్టు వదిలేస్తారు. దాని వేళ్లు పగులును పెద్దది చేస్తాయి. పైకి కనిపించినంత వరకు కోస్తే సరిపోదు, వేరుతో సహా తీసి పగులు పూడ్చాలి. స్నానాల గదిలో నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ చుట్టూ సిమెంటు వదులైతే పక్క గదిలో గోడ అడుగుభాగం తడుస్తుంది. ఇలాంటిచోట టైల్స్ అన్నీ పగలగొట్టి కొత్తవి వేయించమని చెప్పే మేస్త్రీలు ఉన్నారు. టైల్స్ గట్టిగా ఉన్నప్పుడు వాటి సందులు గీకి, నీరు దిగని ఎపాక్సీతో నింపి, ట్రాప్ చుట్టూ కొత్తగా బిగిస్తే చాలాసార్లు పని జరుగుతుంది, ఖర్చు ఎన్నో వంతులు తగ్గుతుంది. డాబాకు నీరు దిగకుండా పూత వేయించే ముందు కూడా తూములు మూసి, నీళ్లు నిలగట్టి, 24 గంటల తరువాత కింది స్లాబు చూడమని చెబుతాము. తడి ఎక్కడ దిగుతోందో తెలియకుండా డాబా అంతటికీ పూత వేయడం డబ్బు దండగ.

నీటి తరువాత మేము చూసేది కరెంటు. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ లేని పాత ఇళ్లకు అది పెట్టించమని గట్టిగా చెబుతున్నాము. ఈ విషయంలో బేరం వద్దు. గీజరు ఉన్న ఇంట్లో బోరు నీటిలోని లవణాల వల్ల లోపలి మెగ్నీషియం కడ్డీ త్వరగా అరిగిపోతుంది. అది మార్చే ఖర్చు చిన్నది, మార్చకపోతే తుప్పు పట్టేది ట్యాంకే. ఫ్యాన్ల సంగతి వేరు. 75 వాట్ల పాత ఫ్యాను బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు సుమారు 20 యూనిట్లు మిగులుతాయి. ఆ ఆదా కిరాయిదారుది, మీది కాదు. అయితే తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు కరెంటు ఉచితంగా పొందుతున్న కుటుంబానికి ఆ 20 యూనిట్ల విలువ బాగా తెలుసు, అలాంటి ఇల్లు వదలడానికి వెనుకాడుతుంది. అలాగని తిరుగుతున్న ఫ్యాన్లు తీసేయవద్దు, పాడైనప్పుడు మార్చండి.

2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, మీ అంచనాలు ఎందుకు తగ్గలేదని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కొత్త ఇల్లు కట్టేవారికి ఆ తేడా కనిపిస్తుంది. మరమ్మతులో పట్టేది రెండు మూడు బస్తాల సిమెంటు. మిగిలినదంతా మేస్త్రీ కూలి, రవాణా, రంగులు, పైపులు. రంగుల మీద పన్ను ఈ తగ్గింపుకు ముందే 18 శాతం. కూలి రేట్లు పెరిగాయి, మా ధరలూ పెరిగాయి. మేస్త్రీలకు తక్కువ ఇచ్చి మీకు తగ్గించే పద్ధతి మాకు ఇష్టం లేదు.

మా బిల్లును ఆదాయపు పన్నులో చూపించుకోవచ్చా అని కూడా అడుగుతుంటారు. కిరాయి ఆదాయం నుంచి మునిసిపల్ పన్ను పోగా మిగిలిన దానిలో 30 శాతం మినహాయింపు మీరు రూపాయి ఖర్చు పెట్టకపోయినా వస్తుంది, ఎక్కువ పెట్టినా పెరగదు. అందువల్ల ఆ 30 శాతం లోపు మరమ్మతులు ముగించడమే లాభసాటి. కొత్త వైరింగు, అదనపు గది వంటి శాశ్వతమైన పనుల బిల్లులు మాత్రం దాచండి. ఇల్లు అమ్మినప్పుడు మూలధన లాభం లెక్కకు పనికి వస్తాయి. ఆస్తి పన్ను ఏప్రిల్‌లోనే కట్టేవారికి ఇచ్చే 5 శాతం తగ్గింపు చిన్నదే అయినా వదులుకోవడం ఎందుకు?

ఏ మరమ్మతు ఎవరిదన్న తగవులో మమ్మల్ని మధ్యవర్తులుగా ఉండమని కోరవద్దని మనవి. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా కిరాయి చట్టంలో దీనికి ఒక పట్టిక ఉంది: గోడలకు సున్నం, తలుపులకు రంగు, పైపుల మార్పిడి, వైరింగు యజమానివి, స్విచ్చులు, కుళాయి వాషర్లు, కిటికీ అద్దాలు, గీజరు మరమ్మతు కిరాయిదారువి. రాష్ట్రం చట్టం చేస్తే తప్ప అది దానంతట అది అమలు కాదు, కానీ ఆ పట్టికను మీ ఒప్పందంలో రాసుకోవడానికి ఏ అడ్డూ లేదు. మంచి కిరాయిదారు ఉన్నప్పుడు 200 రూపాయల కుళాయి దగ్గర పట్టుదలకు పోకండని మాత్రం మా సలహా. 18 వేల కిరాయి వచ్చే ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది ఆ 18 వేలు, పైగా బ్రోకరుకు ఇచ్చేది.

విదేశాల్లో ఉన్న యజమానులు తమ తరఫున తలుపు తీయించే బంధువు లేదా కిరాయిదారు నంబరు ముందుగా పంపగలరు. డాబా పూతకు పొడి నేల, పొడి రోజులు కావాలి కనుక, ఆ పనులకు మే 15 తరువాత కొత్త ఒప్పందాలు తీసుకోము. పరిశీలన ఏప్రిల్‌లోనే జరగాలనుకునేవారు మార్చి నెలాఖరులోగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.