శివారు చేనికి నీళ్ళు

ఒరేయ్ బావా,

ప్రభువు నామంలో నీకూ చెల్లాయికీ వందనాలు. పిల్లలకు ముద్దులు.

నీ ఉత్తరం అంది పది రోజులు దాటింది. వెంటనే రాద్దామనుకున్నాను గానీ బోదె, అదే చేనికి నీళ్ళు తెచ్చే పిల్లకాలువ, పనిలో పడిపోయాను. పొద్దున్న దిగితే సాయంత్రానికి నడుం పట్టేసి పెన్ను పట్టుకునే ఓపిక కూడా ఉండేది కాదు. ఆ బోదె సంగతి నీకు చెప్పాలి, కాస్త ఆగు.

హైదరాబాదులో మీ సంఘంవాళ్ళు యవనస్తుల కూటం నీకు అప్పగించారని చదివి ఎంత సంతోషించానో! అమ్మకి చదివి వినిపిస్తే, అల్లుతున్న లేసు ఒళ్ళో పెట్టుకుని అక్కడికక్కడే నీకోసం ప్రార్థన చేసింది. నువ్వేమో దిగులుగా రాశావు. "పిల్లలు ఆదివారం బ్రహ్మాండంగా పాడతారు, కూటాల్లో కన్నీళ్ళు పెట్టుకుంటారు, సోమవారం వచ్చేసరికి మామూలే. వీళ్ళకి ఏం చెప్పాలిరా?" అన్నావు. ఆరేళ్ళుగా ఇక్కడ నేను చూస్తున్నదీ అదే. పందిరి వేసి మూడు రాత్రులు కూటాలు పెడతాం, చివరి రాత్రి సగంమంది లేచి నిలబడి సమర్పించుకుంటారు. ఆ కన్నీళ్ళు అబద్ధమని నేను ఎప్పుడూ అనను. నేను రక్షణ పొందింది కూడా అలాంటి పందిరి కిందే. కానీ ఆ రాత్రి దొరికింది తర్వాతి మంగళవారం దాకా ఎందుకు నిలవదు అనే ప్రశ్న నన్ను చాలాకాలం తినేసింది. దానికి జవాబు నాకు పుస్తకంలో కాదు, బురదలో దొరికింది.

మాది కాలువ చివరనుండే శివారు భూమి కదా. పెద్ద కాలువ నుంచి తూము, తూము నుంచి బోదె, ఆ బోదె అన్నయ్య చేను పక్కనుంచి నా చేనికి వస్తుంది. నాన్న ఉన్నన్నాళ్ళూ వేసవిలో కాలువలు కట్టేయగానే అన్నయ్యా నేనూ దిగి పూడిక తీసేవాళ్ళం. నాన్న పోయాక గట్టు జానెడు జరిగిందని మాటా మాటా వచ్చింది. ఏడాదిన్నర మాటల్లేవు. కిందటి వేసవిలో ఆయన దిగలేదు, నేనూ దిగలేదు. జూన్‌లో కాలువకి నీళ్ళు వదిలారు. ధవళేశ్వరం దగ్గర గోదారి నిండుగానే ఉంది, మా ఊరి కాలువా నిండుగానే ఉంది, నా నారుమడి మాత్రం నెర్రెలు విచ్చింది. ఇంజను పెట్టి డీజిలు పోసి తోడుకున్నాను. అదే నెలలో యవనస్తులకి ప్రేమ గురించి నాలుగు వారాలు వాక్యం చెప్పాను బావా.

ఒక శనివారం రాత్రి కొండమీది ప్రసంగం తీసుకుని సిద్ధపడుతున్నాను. మత్తయి 5వ అధ్యాయం 24వ వచనం దగ్గర ఆగిపోయాను. "అక్కడ బలిపీఠము నెదుటనే నీ అర్పణము విడిచిపెట్టి, మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము." చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పెట్టిన వాక్యమే. ఆ రాత్రి అది నా పేరు పెట్టి పిలిచినట్టుంది. పుస్తకం మూసేశాను. వెళ్ళలేదు. మర్నాడు వేరే భాగం తీసుకుని మాట్లాడాను. అప్పటినుంచీ ప్రార్థనకి కూర్చుంటే గోడతో మాట్లాడుతున్నట్టే ఉండేది. ఆ ఒక్క మాటకి లోబడనంతకాలం మిగతా వాక్యం కూడా నాకు మూతపడిపోయింది.

మొన్న మే నెలలో ఒకరోజు తెల్లారగట్ల పార భుజాన వేసుకుని అన్నయ్యింటికి వెళ్ళాను. వదిన వాకిలి ఊడుస్తోంది, నన్ను చూసి చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అన్నయ్యా, తప్పు నాది. గట్టు నువ్వు చెప్పిన చోటే పెట్టుకుందాం" అన్నాను. ఆయన టీ తాగుతున్నాడు, తలెత్తలేదు. నేను ఒక్కణ్ణే వచ్చి బోదెలో దిగాను. మోకాలిలోతు నల్ల బురద, పైన గుర్రపుడెక్క ఎండి చాపలా పరుచుకుని ఉంది. పైనుంచి లాగితే ఆకులు చేతికి వస్తున్నాయి తప్ప దుంప రావడం లేదు. చెయ్యి కింద దాకా పెట్టి, వేళ్ళ కుచ్చు మొత్తం పట్టుకుని ఊపి లాగాలి. అరగంట అయిందో లేదో, వెనకాల ఇంకో పార పడిన చప్పుడు. తిరిగి చూస్తే అన్నయ్య, పంచె ఎగ్గట్టి. ఆ రోజంతా మూడు మాటలు మాట్లాడుకున్నామేమో. నాలుగో రోజుకి ఒకే క్యారేజీలో అన్నం తిన్నాం.

బావా, మీ పిల్లలకి ఇది చెప్పు. గోదారిని మనం తవ్వలేదు. నీళ్ళు కృపగా వస్తాయి, మన క్రియల వల్ల కాదు, ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం చెప్పేది అదే. బోదె తీస్తే గోదారి పుట్టదు. కానీ బోదె పూడ్చుకుని కూర్చుని 'దేవుడు నాతో మాట్లాడ్డం లేదు' అంటే అది ఆయన లోటు కాదు. విశ్వాసం బాగా బలపడ్డాక లోబడదాం అని చాలామంది కుర్రాళ్ళు ఆగుతారు, నేనూ ఆగాను. అది తిరగబడ్డ లెక్క. ఆయన చిత్తం చేయడానికి నిశ్చయించుకున్నవాడికే ఆ బోధ దేవునిదో కాదో తెలుస్తుందని యోహాను 7:17లో ప్రభువే చెప్పాడు.

కుర్రాళ్ళు చేయలేరు అనుకోకు. మా కూటంలో ఒక తమ్ముడు రొయ్యలు కొనేవాళ్ళ దగ్గర పనికి కుదిరాడు. కౌంటు సంగతి నీకు తెలుసుగా, కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. కౌంటు పెరిగితే రొయ్య చిన్నదని అర్థం, ధర తగ్గుతుంది. చెరువు గట్టున వీడు లెక్కపెడితే 52 వచ్చాయి. పక్కనున్న పెద్దమనిషి మెల్లగా "55 అను" అన్నాడు. రైతు దూరంగా వలవాళ్ళతో మాట్లాడుతున్నాడు, వినేవాళ్ళు లేరు. వీడు గట్టిగా "52 అండీ" అన్నాడు. నెల తిరక్కుండా పనిలోంచి తీసేశారు. రెండు నెలలు ఖాళీగా తిరిగాడు, ఇంట్లో మాటలు పడ్డాడు. ఇప్పుడు వేరేచోట తక్కువ జీతానికి చేస్తున్నాడు. వాడు కూటంలో సాక్ష్యం చెప్పడానికి నిలబడి, "ఆ రోజు నాకు భయమేసిందండీ, ప్రార్థన చేసుకునే టైము కూడా లేదండీ, పొద్దున్న చదివిన వాక్యమొకటే గుర్తొచ్చిందండీ" అని కూర్చున్నాడు. లూకా 16:10, మిక్కిలి కొంచెములో నమ్మకముగా ఉండువాడు ఎక్కువలోను నమ్మకముగా ఉండును. మూడు రొయ్యల తేడా. అంత కొంచెంలోనే వాణ్ణి దేవుడు పరీక్షించాడు. పందిరి కింద నేను విన్న ఏ ప్రసంగమూ నన్ను అంతగా కదిలించలేదు.

అందుకే కార్యక్రమాలు పెంచకు. మీకు కావలసింది మరో కూటం కాదని నా గట్టి నమ్మకం. రోజుకి ఒక్క అధ్యాయం చదివించు. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు, వారానికి ఐదు రోజులు ఒక్కొక్కటి చదివినా 52 వారాల్లో అయిపోతుంది. ముందు మార్కు సువార్తతో మొదలుపెట్టించు, పదహారే అధ్యాయాలు. చదివాక 'ఇవాళ ఇందులో నేను చేయవలసింది ఏంటి?' అని ఒక్క ముక్క రాసుకోమను. రాసింది చేశారో లేదో వారం చివర్లో ఇద్దరిద్దరు ఒకరినొకరు అడగాలి, పెద్దవాళ్ళు కాదు. పెద్దవాళ్ళు అడిగితే అది పరీక్ష అయిపోతుంది. ఫోను గురించి కూడా చెప్పు, తిట్టకుండా చెప్పు. రాత్రి పదకొండింటికి చేతిలో ఫోనుతో పడుకున్నవాడు పొద్దున్నే వాక్యంతో లేవలేడు. మావాళ్ళు ముగ్గురు ఫోను వంటింట్లో పెట్టి పడుకుంటున్నారు, మార్పు నాకు కనిపిస్తోంది.

పడిపోయినవాళ్ళని మాత్రం వదిలెయ్యకు. అమ్మ లేసు అల్లేటప్పుడు చూశావు కదా, ఒక ముడి తప్పితే పది వరసల తర్వాతైనా కనిపెడుతుంది. కనిపెట్టి పారెయ్యదు. దారం లాక్కుంటూ తప్పిన ముడి దాకా విప్పుకొస్తుంది, అదే దారంతో మళ్ళీ అల్లుతుంది. దారం కాస్త నలిగి ఉంటుంది, అంతే.

మన పెద్దలకి సువార్త తెచ్చినవాళ్ళని చూడు. 1836లో ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చిన బౌడెన్ రాళ్ళపని చేసేవాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. నరసాపురం వైపు వచ్చి తెలుగు నేర్చుకుని, ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి మాట్లాడారు. ధవళేశ్వరం ఆనకట్ట పనే 1847లో మొదలైంది, అంటే వాళ్ళొచ్చేనాటికి మన డెల్టాకి ఈ కాలువలు ఇలా లేవు. ఎండలో, బురదలో రోజుకో అడుగు వేశారు. వాళ్ళకి గొప్ప చదువులు లేవని మీ పిల్లలకి తప్పకుండా చెప్పు. 'నాకేం వచ్చు, నేనేం చేయగలను' అనే కుర్రాళ్ళు మీ దగ్గరా ఉంటారు.

ఇంకొక్క మాట రాయనా? మొన్న పాలకొల్లు బస్టాండులో మావయ్య కనిపించారు. చేతిలో మందుల సంచి ఉంది. కుశలం అడిగాక కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మావాడు నీకు ఉత్తరాలు రాస్తాడా?" అని అడిగారు. రాస్తాడండీ అన్నాను. "బాగున్నాడా?" అన్నారు. ఆ ఇంటి వాటా గొడవలో ఎవరిది తప్పో నేను చెప్పను, నాకు తెలియదు కూడా. మూడేళ్ళయింది, అది మాత్రం తెలుసు. ఈ ఆదివారం పిల్లల ముందు నిలబడే లోపు ఒక్క ఫోను చెయ్యి బావా. ఆయన పొద్దున్న ఆరింటికల్లా లేచి ఉంటారు.

కాలువకి నీళ్ళు వదిలారు. అన్నయ్య గట్టుమీద నుంచి కేకేస్తున్నాడు, తూము దగ్గరికి వెళ్ళాలి.

ప్రార్థనలతో,
నీ బావ