మన సంఘం 2025 వార్షిక నివేదిక: బారసాల నుంచి వీలునామా దాకా కాగితాల గోల

సభ్యులందరికీ నమస్కారం అండి. పోయినేడాది నివేదిక మరీ ఆఫీసు కాగితంలా ఉందని, చదివేలోపు టీ చల్లారిపోయిందని సమావేశంలోనే మొహం మీద చెప్పారు, అందుకని ఈసారి మాట్లాడుకున్నట్టే రాస్తున్నాను. రక్తదానం, లంకల్లో బియ్యం పంపిణీ, పదో తరగతి పిల్లలకి ప్రైజులు ఎప్పట్లాగే జరిగాయి, ఫొటోలు గ్రూపులో ఉన్నాయి, వాటిని సాగదీయను.

ఈ ఏడాది మన టైమంతా తినేసింది వీసాల ఆదివారాలు. నెలలో రెండో ఆదివారం పొద్దున్న ఆఫీసు తలుపు తీసి పెడదాం, ఎవరి కాగితాలు వాళ్లు తెచ్చుకుంటే చూసి తెలిసింది చెబుదాం అని మొదలుపెట్టాం. నాలుగో నెలకల్లా నరసాపురంలో గోదావరి దాటించే పంటెక్కి సఖినేటిపల్లి రేవులో దిగి మరీ జనం రావడం మొదలైంది. మేం లాయర్లం కాదని గోడమీద రాసి పెట్టాం. కూర్చునేది మన అడ్వకేటు గారు, రిటైరైన డిప్యూటీ తహసీల్దారు గారు, సెలవుకి వచ్చినప్పుడల్లా దొరికే ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, నేను. ఏడాది కూర్చున్నాక నాకు తెలిసిందేమిటంటే, అమెరికా రూలో కువైట్ రూలో అడ్డం పడేది తర్వాత సంగతి, సగం పనులు మన పంచాయతీ కాగితం దగ్గరే ఆగిపోతున్నాయి. మిగతా సగం, డబ్బు కట్టేశాకో టికెట్ కొనేశాకో మా దగ్గరికి రావడం వల్ల చెడుతున్నాయి.

ముందు పేర్ల గొడవ. మనవైపు అన్నవరం సత్యదేవుడి పేరు కలవని ఇల్లు తక్కువ. నామకరణానికి వీర వెంకట సత్యనారాయణ, బళ్లో వి.వి.ఎస్. నారాయణ, ఓటరు కార్డులో సత్యనారాయణ, వీధిలో సత్తిబాబు. నలుగురూ ఒకడేనని ఊరంతటికీ తెలుసు, ఎక్కడో కూర్చున్న వీసా ఆఫీసరుకి మాత్రం నలుగురు మనుషులు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి ఉంటాయి, రెండూ నింపండి. పేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకి అమెరికా వీసాలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే పేరు తెలియదు అని. కన్నవాళ్లు ఇంత పొడుగు పేరు పెడితే చివరికి మిగిలేది అదీ. దుబాయ్ వాళ్లయితే 2022 నవంబరు నుంచి ఒంటి పేరు పాస్‌పోర్టుకి విజిట్ వీసానే ఇవ్వడం లేదు.

అక్టోబరులో ఒక పెద్దావిడ గుడ్డసంచీ నిండా కాగితాలు పట్టుకొచ్చారు. అంచులకి పసుపు రాసిన తన పెళ్లి శుభలేఖ కూడా అందులో ఉంది, నలభై ఏళ్ల పైమాట. కొడుకు అమెరికా సిటిజన్ అయ్యాడు, తల్లిని గ్రీన్‌కార్డు మీద పిలిపించుకునే ఐ-130 దరఖాస్తు వేస్తానంటున్నాడు. అతని బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు మంగ అని రెండక్షరాలే ఉన్నాయి, ఆవిడ పాస్‌పోర్టులో వెంకట మంగతాయారు. కొడుకేనని ఎలా నమ్ముతారు మరి? “వాడి మొహం చూస్తే తెలీదాండీ, అచ్చం నా పోలికే” అన్నారావిడ. నవ్వాం కానీ పని మాత్రం రెండు నెలలు పట్టింది. పుట్టిన రికార్డు ఉన్న చోట తల్లి పేరు సవరణకి దరఖాస్తు, దానికి పదో తరగతి మార్కుల కాగితం, ఇద్దరు దగ్గరి బంధువుల అఫిడవిట్లు. ఇక ఆవిడ సొంత పుట్టుక ఎక్కడా నమోదే కాలేదు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969ది, అమల్లోకి వచ్చింది 1970 ఏప్రిల్ 1న, అంతకుముందు పుట్టినవాళ్లలో చాలామంది సంగతి ఇదే. రికార్డు దొరకలేదని లోకల్ రిజిస్ట్రార్ దగ్గర నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, దానికి వేరే ఆధారాలు జత చేస్తే ఒప్పుకుంటారు. అది కూడా ఇంటర్వ్యూ ముందువారం పరుగెత్తితే వచ్చే కాగితం కాదు.

మనవల సంగతైనా ఇప్పుడే చూసుకోండి. 2023 అక్టోబరు 1న కానీ ఆ తర్వాత కానీ పుట్టిన పిల్లలకి పాస్‌పోర్టు కావాలంటే పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే ఆధారం. 21 రోజుల్లో చెబితే రిజిస్ట్రేషన్ ఉచితం, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఆర్డరు దాకా వెళ్లాలి. ఇరవయ్యొకటో రోజు బారసాల అయ్యాక చూద్దాంలే అని కూర్చుంటే గడువు కూడా ఆ రోజుతోనే అయిపోతుంది. పేరు తేలకపోయినా పర్లేదు, పుట్టుక రాయించేసి పేరు తర్వాత చేర్పించుకోవచ్చు. పెళ్లీ అంతే. శుభలేఖ, ఫొటోలు, వీడియో ఎన్ని ఉన్నా భార్యకి డిపెండెంట్ వీసా కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ అడుగుతారు, అందులో ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఒక్క హెచ్ అక్షరం అటూ ఇటూ అయినా ఇబ్బందే.

ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఏదంటే అమెరికా పదేళ్ల విజిటర్ వీసా మీద అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చని. పాలకొల్లు వైపు దంపతులు ఒకరు టెక్సస్‌లో కొడుకు దగ్గరికి వెళ్లారు, పాస్‌పోర్టులో వీసా 2034 దాకా ఉంది, కాబట్టి మనవరాలి ఓణీల ఫంక్షన్ చూసుకునే వస్తామని ఇక్కడ తోట కౌలుకి కూడా ఇచ్చేశారు. వీసా మీద తేదీ తలుపు తట్టడానికి ఇచ్చిన గడువు, లోపల ఎన్నాళ్లు ఉండాలో చెప్పేది ఐ-94. విమానాశ్రయంలో ఆఫీసరు ఇచ్చే తేదీ అది, విజిటర్లకి మామూలుగా ఆరు నెలలు. వాళ్లబ్బాయి ఫోన్లో వెతికి చూస్తే గడువు ఇంకా పదకొండు రోజులే ఉంది. ఆ లోపలే ఐ-539 ఫారం వేసి పొడిగింపు అడిగారు కాబట్టి సరిపోయింది. గడువు దాటి 180 రోజులకి మించి ఉండిపోయి తిరిగొస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు. కెనడా వాళ్ల సూపర్ వీసా మాత్రం వేరే, అమ్మానాన్నలు ఒక్క విడతలో 5 ఏళ్ల దాకా ఉండొచ్చు.

తల్లిదండ్రులకి గ్రీన్‌కార్డు గురించి నా మాట కొందరికి నచ్చలేదు, అయినా రాస్తున్నాను. 21 దాటిన సిటిజన్ పిల్లలు అమ్మానాన్నలకి వేస్తే క్యూ లేదు, సంఖ్య పరిమితి లేదు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్న పిల్లలు వేయలేరు. అయితే గ్రీన్‌కార్డు అంటే అక్కడ కాపురం ఉంటానని మాట ఇవ్వడం. ఇక్కడ కొబ్బరి దింపులు తీయించుకుంటూ, ఏడాదికోసారి అలా వెళ్లి మొహం చూపించి వస్తామంటే కుదరదు, ఏదో ఒక రోజు దిగగానే నిలదీస్తారు. ఊరు వదిలి ఉండలేనివాళ్లకి విజిటర్ వీసానే హాయి.

అక్క సిటిజన్ అయింది, తమ్ముణ్ణి పిలవచ్చు కదా అని అడిగేవాళ్లకి: పిలవచ్చు, కానీ 2025 చివరికి మన దేశానికి వంతు నడిచింది 2006లో వేసినవాళ్లకి. ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు వేసిన మనవాళ్లలో చాలామంది క్యూ అప్పటికి 2013 దగ్గర ఉంది, ఏ దేశానికైనా 7 శాతానికి మించకూడదన్న రూలు వల్ల. ఈ లోపల పిల్లలకి 21 నిండితే వాళ్లు తండ్రి ఫైలు నుంచి జారిపోతారు, కొంత వెసులుబాటు ఇచ్చే చట్టం ఉన్నా అందరికీ సరిపోదు.

అమెరికాలో ఉద్యోగానికిచ్చే హెచ్-1బి వీసా వాళ్ల టెన్షన్ ఈ ఏడాది చెప్పక్కర్లేదు. సెప్టెంబరు 19న లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది, మర్నాడు శనివారం నా ఫోను అన్నం తిననివ్వలేదు. ఇది దేశం బయట ఉన్నవాళ్లకి కొత్తగా వేసే పిటిషన్లకేనని, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లు వచ్చిపోవడానికి కాదని తర్వాత తేలింది, ఆ లోపల ఒకాయన సెలవు సగంలో వదిలేసి రాత్రికి రాత్రి బయల్దేరాడు, తల్లి చుట్టి ఇచ్చిన పూతరేకుల డబ్బా కూడా మర్చిపోయి.

డిసెంబరుది ఇంకో రకం. 15వ తేదీ నుంచి హెచ్-1బి వాళ్లవీ, వాళ్ల మీద ఆధారపడి హెచ్-4 మీద వెళ్లే కుటుంబాలవీ సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తామన్నారు, దాంతో నెలాఖరు అపాయింట్‌మెంట్లు చాలావరకు మార్చికి, ఆ తర్వాతకి జరిగిపోయాయి. మన సభ్యుడి కొత్త అల్లుడు మొదటి సంక్రాంతికి వచ్చి, పనిలో పనిగా పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ చేయించుకుందామనుకున్నాడు. చదువు అయ్యాక అక్కడే స్టూడెంట్ వీసా ఎఫ్-1 నుంచి హెచ్-1బికి మారాడు, పాస్‌పోర్టులో కొత్త వీసా లేదు, అది లేకుండా విమానం ఎక్కనివ్వరు. భోగి నాడు కలిశాను. ఎదురుగా అరిటాకులో ఎన్ని రకాలు వడ్డించారో లెక్కపెట్టలేదు, అతను మాత్రం గారె ముక్క చేత్తో పట్టుకుని ఫోన్లో మెయిలే చూస్తున్నాడు. “మార్చి దాకా ఉంటే మంచిదేగా అండి” అని అత్తగారు సంబరపడుతున్నారు. ఉద్యోగం ఉంటుందా అన్నది మేం చెప్పగలిగేది కాదు, కంపెనీ అటార్నీతో రాతపూర్వకంగా మాట్లాడుకోమన్నాం. స్టాంపింగ్ పని ఉన్నవాళ్లు పండగలకీ పెళ్లిళ్లకీ అది కలిపి పెట్టుకోకండి. ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్సులో పడేసి వచ్చే సౌకర్యం కూడా సెప్టెంబరు 2 నుంచి చాలామందికి పోయింది.

బ్రిటన్ గురించి ఒక్క ముక్క: కేర్ వర్కర్‌గా వెళ్లేవాళ్లు భార్యనో భర్తనో పిల్లల్నో వెంట తీసుకెళ్లడం 2024 మార్చి 11 నుంచి ఆగిపోయింది, 2025 జూలై 22 నుంచి బయటి దేశాల వాళ్లని కొత్తగా ఆ పనికి తీసుకోవడమే ఆపేశారు. ఏజెంట్లు అది చెప్పకుండా డబ్బు తీసుకుంటున్నారు.

గల్ఫ్ సంగతికి వస్తే నాకు కోపం ఆగదు. లంక గ్రామం నుంచి ఒకమ్మాయి వచ్చింది, 26 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, ఎనిమిదో తరగతి. పది పాసవకపోతే పాస్‌పోర్టు ఈసీఆర్ కిందకి, అంటే పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం కిందకి వస్తుంది, కువైట్, సౌదీ, ఖతార్ లాంటి 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. ఇంటిపనికి వెళ్లే ఈసీఆర్ ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండాలి, పంపించేది కూడా ప్రభుత్వ ఏజెన్సీలే, మన రాష్ట్రంలో ఓమ్‌క్యాప్. ఇవన్నీ తప్పించుకోవడానికి పక్కూరి సబ్ ఏజెంటు విజిట్ మీద దుబాయ్, అక్కడి నుంచి కువైట్, అది ఎవరి దగ్గరైనా పనిచేసుకోగల ఫ్రీ వీసా అని చెప్పాడు. ఫ్రీ వీసా అనే వీసా ఏ దేశంలోనూ లేదండి. లైసెన్సున్న ఏజెంటు అయినా 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైటులో మన ఆఫీసులోనే చూసి చెబుతాం. సరైన దారిలో వెళ్తే 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉంటుంది, రెండేళ్లకి 275 రూపాయలు.

ఇదంతా చెప్పి ఆపేశాం. “మరి నా అప్పు ఎవరు తీరుస్తారండి?” అందామ్మాయి. మా ఐదుగురిలో ఎవరికీ నోరు పెగల్లేదు. అడ్వకేటు గారు నోటీసు పంపాక ఏజెంటుకి కట్టిన అడ్వాన్సులో సగం వెనక్కి వచ్చింది, మిగతా సగం కోసం తిరుగుతున్నాం. ఇప్పుడు రొయ్యల షెడ్డుకి పనికి వెళ్తోంది.

ఇప్పటికే కువైట్‌లో ఉన్నవాళ్ల ఇళ్లవాళ్లకి: 20 నంబరు వీసా ఇంటిపనిది, 18 నంబరు ప్రైవేటు కంపెనీది. 20 మీద ఉన్నవాళ్లు కుటుంబాన్ని పిలిపించుకోలేరు. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇల్లు వదిలి బయట పనికి వెళ్తే పరారీ కేసు పెడతారు. ఇబ్బందుల్లో ఉంటే దాక్కోవద్దు, ఎంబసీలో ఆడవాళ్లకి షెల్టర్ ఉంది, ఇక్కడి నుంచి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో మేం ఫిర్యాదు ఎక్కిస్తాం. 2024లో మార్చి 17 నుంచి జూన్ నెలాఖరు దాకా క్షమాభిక్ష ఇచ్చారు కదా, మళ్లీ ఇస్తార్లే అని కూర్చోకండి. దుబాయ్ వైపు ఫ్యామిలీని పెట్టుకోవాలంటే నెల జీతం 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చిన ఇల్లు ఉండాలి.

చివరిగా కొబ్బరి తోటలు. ఇది వీసా కాదు కానీ వీసాల ఆదివారం నాడు దీనిమీదే కేకలు లేచాయి. విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డు అంటే రెండో పౌరసత్వం కాదు. అక్కడ సిటిజన్‌షిప్ తీసుకున్న రోజే ఇక్కడిది పోతుంది, మన పాస్‌పోర్టు సరెండర్ చేయాలి. ఓసీఐ వాళ్లే కాదు, ఎన్నారైలు కూడా వ్యవసాయ భూమి, తోట కొనకూడదు. తండ్రి బతికుండగా కొడుకు పేర గిఫ్టు రిజిస్ట్రేషన్ చేయడమూ కుదరదు. వారసత్వంగా రావచ్చు, అందుకని వీలునామా రాసుకుంటే మంచిది. చేపల చెరువు వ్యవసాయం కాదు కదా అని ఒకాయన గంట వాదించారు. అడంగల్‌లో (ఊరి భూమి రికార్డులో) ఏమని ఉందో చూసుకుని రండి, అప్పుడు వాదించుకుందాం. అక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపేవాళ్లు, కాగితం ఇండియాలో చేతికొచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలని గుర్తుపెట్టుకోండి, కవరు కూడా దాచండి, ఎప్పుడొచ్చిందో చూపించడానికి.

లెక్కల పుస్తకం బీరువాలో ఉంది, ఎవరైనా చూడొచ్చు. జెరాక్సులకే ఎక్కువ అయింది, టీలకి తర్వాత. సంక్రాంతి ముందు ప్రింటరు పాడైంది, కొత్తది కొనాలా బాగుచేయించాలా అన్నది సమావేశంలో తేల్చండి. రెండో ఆదివారం తొమ్మిదింటికి తలుపు తీస్తాం. పాస్‌పోర్టు ఒరిజినల్ తీసుకురండి, మా దగ్గర వదిలి మాత్రం వెళ్లకండి. పోయినసారి ఒకరు వదిలేసి పంటెక్కేశారు, రేవు దాకా పరిగెత్తింది నేనే.

ఇట్లు,
కార్యదర్శి