ముందు ఆ పిల్లనే అడగాల్సింది

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. బద్ధకమనుకున్నావేమో. ఒక వెధవ పని చేశాన్రా, అది కాస్త చక్కబడేదాకా రాయబుద్ధి కాలేదు.

మన ఆదోని వైపు సంగతి నీకు కొత్తగా చెప్పాలా? పత్తి అయ్యాక మిరప కోతలని జనమంతా గుంటూరు వైపు సుగ్గికని వలస పోతారు. పదో తరగతి పిల్లల్ని మాత్రం అవ్వ దగ్గర వదిలిపెడతారు. మా క్లాసులో ఒకమ్మాయి అట్లనే ఉండిపోయింది. తమ్ముడికి వండిపెట్టి, నీళ్లు మోసి, అప్పుడు బడికొస్తుంది. లెక్కల్లో దాన్ని కొట్టేవాడు లేడు. అట్లాంటిది నెల రోజులుగా తెల్ల కాగితం ఇచ్చి పోతోంది. నేనేమో మన పాత పంతుళ్ల లెక్కనే అందరి ముందూ నిలబెట్టి "ఏమైందే నీకు?" అని గద్దించాను. నోరు విప్పలేదు. ఎట్లా విప్పుతుంది!

తర్వాత మధ్యాహ్న భోజనం దగ్గర గుడ్లు పంచే పని అప్పజెప్పాను. మూడో రోజు గుడ్లు లెక్కపెడుతూ, నా వైపు చూడకుండానే అంది: "ఉగాది దాటినాక నాకు పెండ్లి చేస్తారంట సార్." పదిహేనేళ్లు దానికి.

ఆ సాయంత్రమే వాళ్ల నాన్నకు ఫోన్ కొట్టి, చట్టం, పద్దెనిమిదేళ్లు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 అంటూ ఊగిపోయాను. పొద్దంతా మిరప చేలో నడుం వంచిన మనిషి. ఆ కోపమంతా పిల్ల మీద పడింది. నాలుగు రోజులు బడికి రాలేదు.

'ఎవరికీ చెప్పను' అని పిల్లలకు మాటివ్వొద్దని మాకు శిక్షణలో చెప్పారు. ముప్పుంటే చెప్పక తప్పదు కదా. అయితే ఎవరికి చెప్తున్నామో ముందు పిల్లకే చెప్పాలట. ఈ రెండోది గాలికొదిలేశాను.

భయమేసి 14416కి, అదే మానసిక ఆరోగ్యానికి సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి, నేనే ఫోన్ చేశాను. తెలుగులోనే, నిదానంగా మాట్లాడారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగమన్నారు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదట. పదిహేడేళ్ల సర్వీసులో నేనెప్పుడూ ఏ పిల్లనీ ఆ ప్రశ్న అడగలేదు.

వాళ్లింటికి పోయాను. పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతోంది. తప్పు నాదే అన్నాను. అడగాల్సింది అడిగాను. "అట్లాంటిదేం లేదు సార్. నన్ను అడిగి ఫోన్ చేసుంటే బాగుండు" అంది. అంగన్‌వాడీ టీచరమ్మకు చెప్పడానికి మాత్రం ఒప్పుకుంది. నాన్నతో తనే మాట్లాడతానంది, నన్ను పక్కన కూర్చోమంది.

అన్నట్టు, విశాఖలో నీట్ కోచింగ్ పిల్ల చనిపోయిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఏమందో నీకు తెలుసు కదా? వంద మంది, ఆపైన పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలంది. మీ హాస్టల్లో పెట్టారా, లేక పీఈటీ సారుకే ఆ పేరు తగిలించారా? నిజం రాయి.

నిన్న ఆ పిల్ల వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది. "పరీక్షలు రాస్తా నాయనా, పెండ్లి ఇప్పుడొద్దు" అంది. అవతల చాలాసేపు చప్పుడు లేదు. చివరికి "ఎండలు ముదురుతున్నాయి, తమ్మునికి టోపీ కొనియ్యి" అని పెట్టేశాడు. ఒప్పుకున్నట్టో కాదో నాకైతే అర్థం కాలేదు. పిల్ల మాత్రం ఇవాళ లెక్కల కాగితం నిండా రాసింది. సగం తప్పులే.

ఇట్లు,
నీ మామ