చిన్నత్త చెప్పిన మాట

చిన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నగారి మోకాలినొప్పి తగ్గింది. మేడమీద ట్యాంకు మార్పించాం. నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది. అది అడగడానికి రాయడం లేదులే.

చిన్నత్త ఏదో అంది. పని ఇంటినుంచే కదా అని నువ్వు కొండల్లో ఓ చిన్న ఊళ్లో ఇల్లు చూసుకున్నావట, అడ్వాన్సు కూడా ఇచ్చేశావట. నిజమా అని నేనడగను.

నిజమైనా తప్పనను. అలాంటి ఊళ్లో మూడేళ్లున్నదాన్ని. 1,000 మీటర్లు ఎక్కితే 6.5 డిగ్రీలు తగ్గుతుందని మీ నాన్నగారు లెక్క చెప్పేవారు. నీ దగ్గు అక్కడికెళ్లాకే పోయింది. పొద్దున్నే కిటికీ తీస్తే లోయనిండా మంచు. కానీ చూడ్డానికొచ్చినవాళ్లు నాలుగురోజుల్లో వెళ్లిపోతారు. వానాకాలం ఉండేవాళ్లది. గోడలకు చెమ్మ, బీరువాలో బట్టలకు బూజు. సీజనొస్తే ఇంటివాళ్లు ఖాళీ చెయ్యమంటారు, రోజు అద్దెకిస్తే ఎక్కువొస్తుందని.

నానమ్మ సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నీకప్పుడు రెండేళ్లు. రాత్రి తొమ్మిదింటికి ఆవిడ చేతిలో గ్లాసు జారిపోయింది, మూతి ఓ పక్కకి వంగింది. ఊళ్లో ఉన్న ఒక్క డాక్టరుగారూ చూసి, స్కానింగు కొండ దిగాకే అన్నారు. సగం ఘాటు దిగేసరికి కొండచరియ విరిగి రోడ్డుమీద పడి ఉంది. ఇరవైమంది గునపాలూ పారలూ పట్టుకుని వానలో వచ్చారు. వాళ్లలో సగంమంది పేర్లు నాకీనాటికీ తెలియవు. దారి తెరిచేసరికి తెల్లారింది. కుడిచెయ్యి మళ్లీ లేవలేదు. అయినా ఆవిడ ఆ ఊరు వదిలి రానని, ఆ కిటికీ దగ్గరే కూర్చుంటానని ఏడ్చింది.

ఇప్పుడు అలాంటి పక్షవాతానికి, మెదడులో అడ్డుపడిన రక్తపు గడ్డ కరిగించే మందుంది. అదైనా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే, అదీ స్కాను చూశాకే ఇస్తారు. అందుకే ఏ ఊరైనా సీటీ స్కానున్న ఆసుపత్రి ఎంతసేపట్లో చేరగలవో చూసుకో. ఎండరోజున కాదు, వానరోజున లెక్కపెట్టు. ఒంటరిగా ఉంటే పక్కింటివాళ్లకి నీ గొంతు తెలియాలి. ముందు వెళ్లి పలకరించు, నీకు మొహమాటమెక్కువ.

నువ్వు వెళ్తున్నావని కాదు. వెళ్లేమాటైతే ఇంటివెనక కొండను నిలువుగా తవ్వేశారేమో చూడు. అడ్డుగోడ కట్టి ఉంటే నీళ్లు పోయే కన్నాలున్నాయో లేదో చూడు. చెట్లు మొదలు దగ్గరే వంగి ఉంటే ఆ వాలు కదులుతోందేమో అడుగు.

నీ నీలం స్వెట్టరు మోచేతుల దగ్గర కుట్టిపెట్టాను. ఏ అడ్రసుకి పంపాలో చెప్పు.

అమ్మ