రాత్రి 11:55కి కూసిన అలారం

ముందుగా గుంటూరులో ఉన్న మా తమ్ముడి స్నేహితుడికి వెయ్యి కృతజ్ఞతలు. పేరు రాయొద్దన్నాడు, రాయట్లేదు.

అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయింది. ఉదయం 8, మధ్యాహ్నం 12, సాయంత్రం 4, రాత్రి 8, ఇలా నాలుగుసార్లు కంట్లో చుక్కలు వెయ్యాలి. నా మతిమరుపు సంగతి నాకు తెలుసు కాబట్టి నా పామ్ ఎం515లో అలారాలు పెట్టాను. 2003లో మా తమ్ముడు అమెరికా నుంచి తెచ్చిచ్చిన బుల్లి ఎలక్ట్రానిక్ డైరీ అది. పుల్లతో తెరమీద రాయాలి. ఫోన్లు రావు, వాట్సాప్ రాదు, అందుకే నాకిష్టం. ఇంట్లో అందరూ నవ్వుతారు, నవ్వనీండి.

మర్నాడు 8కి మోగలేదు, 12కీ మోగలేదు. రాత్రి అందరం పడుకున్నాక, 11:55కి మాత్రం కీచుకీచుమని ఒకటే గోల! మర్నాడు రాత్రీ అంతే. మూడో రాత్రి నుంచి అదీ లేదు, పూర్తిగా నిశ్శబ్దం. ఇక దీని పని అయిపోయిందనుకున్నాను. తెలిసినవాళ్ళు ఒకరు హార్డ్ రీసెట్ చెయ్యమన్నారు.

చేసేముందు ఈ అబ్బాయికి ఫోన్ చెయ్యడం నా అదృష్టం. "అక్కా, దాన్ని ముట్టుకోకండి. అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది" అన్నాడు. ఇరవయ్యేళ్ళ పుట్టినరోజులు, చీటీల లెక్కలు, అన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి ఎన్నేళ్ళయిందో!

తర్వాత "చుక్కల మందు అని రాసిన చోట పక్కన టైమ్ కనిపిస్తోందా, వజ్రం గుర్తు కనిపిస్తోందా?" అని అడిగాడు. చూస్తే నాలుగింటికీ వజ్రమే. టైమ్ లేని పని అని దానర్థమట. దానికి తెలుగు రాదు కదా, ఇంగ్లీషు అక్షరాల్లో "అమ్మ చుక్కలు 8" అని రాశాను. ఏ గంటనూ ఎంచుకోకుండా అక్షరంతో మొదలుపెడితే అది టైమ్ లేని పనిగా రాసుకుంటుంది. "8 ముందు రాసి ఉంటే టైమ్ ఎంతో అదే అడిగేదక్కా" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మరి 11:55 ఏమిటి? టైమ్ లేని పనికి అలారం పెడితే, ఆ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి నుంచి వెనక్కి లెక్కపెడుతుందట. నేను పెట్టింది 5 నిమిషాల ముందు. అందుకే నాలుగూ కలిసి ముందురోజు రాత్రి 11:55కే మీదపడ్డాయి. పాపం, చెప్పినట్టే చేసింది.

ఆ తర్వాతి నిశ్శబ్దం సంగతి? ప్రిఫరెన్సెస్‌లో, అంటే సెట్టింగుల్లో, అలారం సౌండ్ చూడమన్నాడు. ఆఫ్‌లో ఉంది. పక్కన పేపర్ చదువుతున్న మావారు గొంతు సవరించుకున్నారు. రెండో రాత్రి నిద్ర పాడై ఆయనే తీసేశారట! మూడు రోజులుగా నా హైరానా చూస్తూ కూడా నోరు విప్పలేదు.

ఒక్కోదానికీ డీటైల్స్‌లోకి వెళ్ళి టైమ్ పెట్టించాడు. రాత్రి 8కి పీఎం పడిందో లేదో రెండుసార్లు చదివించాడు. ముందస్తు 5 నిమిషాలు తీసి సున్నా చేయించాడు. నేను వంటింట్లో ఉంటే వినపడదని, ఐదేసి నిమిషాలకోసారి మూడుసార్లు మోగేలా పెట్టించాడు. వైబ్రేషన్ కూడా వేయించాడు. చివర్లో మూడు నిమిషాల తర్వాతకి ఒక ఉత్తుత్తి అలారం పెట్టించి, తెర ఆపించి, ఫోన్ పెట్టెయ్యకుండా తనూ నాతోపాటు ఎదురుచూశాడు. మోగింది. అటువైపు "హమ్మయ్య" అన్నది తనే.

గంటకు పైగా ఓపిగ్గా చెప్పాడు. కొత్త ఫోన్ కొనుక్కోండక్కా అని ఒక్కసారీ అనలేదు. తమ్ముడూ, ఈసారి ఇటొస్తే భోజనం మా ఇంట్లోనే. ఇప్పుడు గంట మోగితే చాలు, నేను సీసా వెతుక్కునేలోపే అమ్మ తల వెనక్కి వాల్చి కూర్చుంటోంది.