పండక్కి నాన్న వచ్చాక చదవండి

జనవరి వార్తాలేఖ – పదో తరగతి తల్లిదండ్రులకు

పదో తరగతి పిల్లల అమ్మానాన్నలకు నమస్కారం.

ఈ కాగితం సంక్రాంతి సెలవులకు ముందే మీ పిల్లల చేతికిచ్చి పంపుతున్నాను. కావాలనే. మన బడిలో పదో తరగతి పిల్లల నాన్నల్లో చాలామంది హైదరాబాదులోనో చెన్నైలోనో సెంట్రింగు పనుల్లో ఉన్నారు. ఊరొచ్చేది పండక్కే. కనుమ వెళ్లగానే మళ్లీ రైలెక్కేస్తారు. ఆ తర్వాత పిల్లడి చదువు గురించి మాట్లాడాలంటే ఫోన్లో రెండు ముక్కలు, అవీ పని దిగాక రాత్రి తొమ్మిదింటికి. అందుకే ఈ నాలుగు రోజుల్లో మీ దగ్గర ఒక గంట అడుగుతున్నాను. అందరూ ఇంట్లో ఉన్నప్పుడు టీవీ కట్టేసి, పది పాసయ్యాక ఏమిటన్నది కూర్చుని మాట్లాడుకోండి. పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి. వాళ్ల ముందు వాళ్ల గురించి మనమే మాట్లాడేసుకోవడం కాదు, వాళ్లని మాట్లాడనివ్వండి.

ఏటా జరిగేది నేను చూస్తూనే ఉన్నాను. రిజల్ట్స్ వచ్చిన వారంలో ఎవరు ముందు మన గుమ్మం తొక్కితే వాళ్ల కాలేజీలో పిల్లడు చేరిపోతాడు. రెండేళ్ల చదువు, ఆ తర్వాతి బతుకు ఒక్క సాయంత్రంలో తేలిపోతాయి. ఇప్పటికే ఊళ్లలో ప్రైవేటు జూనియర్ కాలేజీల పీఆర్వోలు తిరుగుతున్నారు. చేతిలో రంగుల బ్రోచరు, చంకలో రసీదు పుస్తకం. ఇప్పుడు అడ్వాన్సు కడితే ఫీజులో తగ్గింపు, మార్చి దాటితే సీటుండదు అంటారు. వాళ్లని తప్పుపట్టను, అది వాళ్ల ఉద్యోగం. కానీ ఆ రసీదు మీద సంతకం పెట్టించుకున్న నాన్నల్లో నేనూ ఒకణ్ణి.

మా పెద్దవాడు పదిలో ఉండగా జనవరిలోనే విశాఖలో ఒక కాలేజీకి ఇరవై వేలు కట్టేశాను. పది మందికి సలహా చెప్పే మాస్టారిని, నన్ను ఎవరడుగుతారు? వాడు మే నెలలో ఒకరోజు అన్నం తింటూ, పాలిటెక్నిక్‌కి వెళ్తాను నాన్నా అన్నాడు. చిన్నప్పట్నుంచీ వాడి చేయి స్విచ్‌బోర్డుల మీదే ఉండేది. ఇంట్లో మిక్సీ పాడైతే విప్పేవాడు, బిగించేవాడు, ఒక స్క్రూ మిగిల్చేవాడు. అయినా నా నోట వచ్చిన మాట, "కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వరు." జూన్లో రేకు పెట్టె పట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కినప్పుడు వాడు కిటికీ వైపు కాకుండా అటు పక్క సీట్లో కూర్చున్నాడు. ఇంటర్ ఎలాగో గట్టెక్కాడు. తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ రెండేళ్లు చేశాడు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు. ఆ రసీదు మాత్రం నా బీరువాలో ఇంకా ఉంది, పారేయలేదు.

డిసెంబరులో ఒకరోజు క్లాసులో తలా ఒక చీటీ ఇచ్చి, పది తర్వాత ఏం చేద్దామనుకుంటున్నారో రాయమన్నాను. పేరు రాయక్కర్లేదన్నాను. సగానికి పైగా చీటీల్లో ఎంపీసీ అని ఉంది, అంటే ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఎందుకో ఒక్కరూ రాయలేదు. కొందరు ఆర్మీ అని రాశారు. ఒక చీటీ మాత్రం నాలుగు మడతలు పెట్టి ఉంది. విప్పితే, "నర్సు. ఇంట్లో చెప్పకండి మాస్టారూ." చేతిరాత చూస్తే ఎవరో నాకు తెలిసిపోతుంది. చెప్పను. అందుకే ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ చెబుతున్నాను. బీఎస్సీ నర్సింగ్ చదవాలంటే ఇంటర్లో బైపీసీ, అంటే బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. ఎదురింటి అమ్మాయి చేరిందని మీ అమ్మాయిని ఎంపీసీలో పడేస్తే ఆ తలుపు మూసుకున్నట్టే. బైపీసీ అంటే డాక్టరు సీటొక్కటే అని కూడా అనుకోవద్దు. అగ్రికల్చర్ బీఎస్సీకి దారి అదే. మన జిల్లాలోనే గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది. శ్రీకాకుళం అవతల నైరలో వ్యవసాయ కళాశాల ఉంది. పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లి బయట్నుంచైనా చూపించండి. చూడని చోటికి వెళ్లాలని ఎవరికీ కోరిక పుట్టదు.

లెక్కలంటే భయపడే పిల్లల మాట. సమ్మేటివ్ పరీక్షలో లెక్కల పేపరు మీకు పంపించాను, సంతకం పెట్టారు. ఆ మార్కు ఒకసారి గుర్తు తెచ్చుకుని, తర్వాత ఎంపీసీ గురించి మాట్లాడండి. సీఈసీ, అంటే కామర్స్, ఎకనామిక్స్, సివిక్స్ అనగానే మొహం చిట్లించకండి. సీఏ చదవాలన్నా, ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా చేయాలన్నా, గ్రూప్స్ రాయాలన్నా సీఈసీ పిల్లలకు అడ్డేమీ లేదు. టీచరవుతాననే పిల్ల ఏ గ్రూపు చదివినా ఇంటర్ అవగానే టీచరు ట్రైనింగుకి డీఈఈసెట్ రాయొచ్చు. మా స్టాఫ్‌రూములో ఇంటర్లో హెచ్‌ఈసీ, అంటే హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్ చదివినవాళ్లు ఇద్దరున్నారు, మీ పిల్లలకు సోషల్ చెప్పేది వాళ్లే.

ట్రిపుల్ ఐటీ గురించి చాలామంది అడుగుతున్నారు. 2008లో పెట్టిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం అది. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలుతో పాటు మన పక్కనే ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలో క్యాంపస్ ఉంది. ఇంటర్‌కి సమానమైన పీయూసీ రెండేళ్లు, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు ఒకేచోట. సీట్లు ఇచ్చేది పదో తరగతి మార్కులతో. మనలాంటి ప్రభుత్వ బడుల పిల్లలకు నాలుగు శాతం కలుపుతారు కూడా. అంటే కోచింగులకు డబ్బు పోయక్కర్లేదు, మార్చిలో రాసే ఆ ఆరు సబ్జెక్టులే ఎంట్రన్సు. ఆరు వందల మార్కుల్లో ఒక్కో మార్కూ పనికొస్తుంది కాబట్టి సాయంత్రం స్టడీ అవర్‌కి పిల్లల్ని ఎగ్గొట్టనివ్వకండి. జీడితోటలో పని ఉందని ఆపేయకండి.

చేతిపని మీద ఇష్టమున్న పిల్లలకు పాలిసెట్, అంటే పాలిటెక్నిక్ ఎంట్రన్సు. పదో తరగతి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీలోంచే 120 మార్కులకు ఉంటుంది. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఉద్యోగం చూసుకోవచ్చు, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరనూ వచ్చు. ఐటీఐ అంటే చదువురాని వాళ్లకి అనే మాట ఇప్పటికైనా మానేద్దాం. ఎలక్ట్రీషియన్, ఫిట్టరు రెండేళ్లు, వెల్డరు ఒక ఏడాది. విశాఖ నేవల్ డాక్‌యార్డు వాళ్లు అప్రెంటిసులుగా తీసుకునేది ఐటీఐ చేసిన పిల్లలనే. సెంట్రింగు పని చేసే నాన్నలకు నేను చెప్పక్కర్లేదు, సైట్లో సర్టిఫికెట్టున్న ఎలక్ట్రీషియన్‌కీ లేనివాడికీ కూలిలో తేడా ఎంతో మీకే తెలుసు.

ఆర్మీ అని రాసిన కుర్రాళ్ల నాన్నలు ఈ పేరా రెండుసార్లు చదవండి. తెల్లారకుండానే చీపురుపల్లి రోడ్డు మీద పరుగులు తీసే కుర్రాళ్లను చూసి మన పిల్లలకూ ఉత్సాహం వస్తుంది, మంచిదే. కానీ పరుగొక్కటే చాలదు. ఆర్మీలోకి నాలుగేళ్లకు తీసుకునే అగ్నివీర్ జనరల్ డ్యూటీకి పదిలో మొత్తం మీద 45 శాతం ఉండాలి, ప్రతి సబ్జెక్టులో 33 ఉండాలి. మన పరీక్షలో హిందీ ఇరవైకే పాసు. "హిందీయే కదా, ఇరవై వస్తే చాలు" అని వదిలేసిన కుర్రాడు పాసవుతాడు గానీ, గ్రౌండు దాకా వెళ్లకుండానే ఆగిపోతాడు. ఇంకోటి, పదిహేడున్నర ఏళ్లు నిండాలి. పది అయ్యేసరికి మనవాళ్లకు పదిహేనో పదహారో. మధ్యలో ఏడాదిన్నరో రెండున్నరేళ్లో ఖాళీగా ఊళ్లో తిరగకుండా ఇంటర్లోనో ఐటీఐలోనో ఉండాలి. నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒకరిని మించి ఉంచుకోరు కాబట్టి, తిరిగొచ్చాక చేతిలో ఏదో ఒక చదువు ఉండటం అవసరం.

ఇక కాగితాలు. ఇది బోరు కొట్టే విషయమే గానీ నన్ను ఎక్కువ ఏడిపించేది ఇదే. పదో తరగతి మార్కుల మెమోలో పడ్డ పేరు, పుట్టిన తేదీ జీవితాంతం వెంట వస్తాయి. నా సంగతే చూడండి. మా అమ్మ లెక్కన నేను పుట్టింది సంక్రాంతికి వారం ముందు, వడ్లు ఇంటికొచ్చిన ఏడు. బడిలో చేర్చిన రోజున ఆనాటి మాస్టారు జులై 1 అని రాసేశారు, అదీ ముందటేడు. అలా నన్ను ఆర్నెల్లు ముందే పుట్టించేశారు. ఆ ఆర్నెల్ల సర్వీసూ, జీతమూ పోయినట్టే. మీ పిల్లలకు అలా కాకూడదు. ఆధార్ కార్డు, మా దగ్గరున్న రికార్డు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో శ్రీను, ఇంకోదాంట్లో శ్రీనివాసరావు ఉంటే ఇప్పుడే చెప్పండి. మెమో చేతికొచ్చాక దిద్దించాలంటే కాళ్లరిగిపోతాయి.

నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు పాలిటెక్నిక్ కౌన్సెలింగులో అడుగుతారు, లోకల్ అని తేలేది వాటితోనే. మధ్యలో ఒకటి రెండేళ్లు మీతోపాటు హైదరాబాదులో చదివిన పిల్లలు మన బడిలో కొందరున్నారు. అక్కడి బడి కాగితం అక్కడే తేవాలి. పండగ అయ్యాక తిరిగెళ్లే నాన్నలు మొదటి వారంలోనే ఆ పని చూసుకోండి, జూన్ దాకా ఆపొద్దు. కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఊరి సచివాలయంలో ఇప్పుడే పెట్టుకోండి. కేంద్రం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ వస్తున్న పిల్లలకు ఏడాదికి పన్నెండు వేలు ఇంటర్ రెండో ఏడాది దాకా వస్తాయి, కానీ ఏటా రెన్యువల్ చేయించాలి. కాలేజీ మారిన ఏడాదే చాలామంది మర్చిపోతారు. అన్నట్టు, మెమో రాగానే లామినేషన్ చేయించేయకండి. జిరాక్సులు తీయించి, ఒరిజినల్‌ని మామూలు కవరులో పెట్టి ఉంచండి.

డబ్బు సంగతి ఒక్క మాట. గవర్నమెంటు జూనియర్ కాలేజీలో పుస్తకాలు ఇస్తారు, 2025 జనవరి నుంచి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరుతో మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. లెక్చరర్లు మంచి చదువులు చదివి పరీక్ష రాసి వచ్చినవాళ్లు. అప్పు చేసి దూరం పంపే ముందు ఒకసారి వెళ్లి చూసి రండి.

పండగంటే చుట్టాలొస్తారు, అరుగు మీద సంబంధాల మాటలూ వస్తాయి. "పది అయిపోతోంది కదా, ఇంకెందుకు ఆలస్యం" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. ఆడపిల్లకు పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం. ముహూర్తం పెట్టిన పెద్దలు, వంటలు వండినవాళ్లు కూడా కేసులోకి రావచ్చు. నాకు తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి నేనే ఫోన్ చేస్తాను, తర్వాత మీరు నాతో మాట్లాడకపోయినా సరే.

పరీక్ష తప్పితే ఏమిటన్నది కూడా ఆ గంటలోనే మాట్లాడుకోండి. రిజల్ట్స్ రోజు మాట్లాడుకునేది కాదది. సప్లిమెంటరీ ఆ వేసవిలోనే ఉంటుంది, ఏడాది పోదు. ఆ మాట మీ నోటి నుంచి పిల్లడు ఇప్పుడే వినాలి. రిజల్ట్స్ రోజు పిల్లల్ని ఒంటరిగా వదలకండి. టెన్షన్ ఎక్కువగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడతారు.

ఫేర్‌వెల్ పార్టీ గురించి పిల్లలు ఇప్పట్నుంచే మొదలుపెట్టారు. ఆడపిల్లలు అందరూ ఒకే రంగు చీర, మగపిల్లలు డీజే అంటున్నారు. చీరలు కొననక్కర్లేదు, అమ్మ చీర కట్టుకోమనండి. డీజేకి నేను ఒప్పుకోలేదు, ఇంట్లో నన్ను తిట్టుకుంటే విని ఊరుకోండి.

పండగ సెలవుల్లో బడి మూసే ఉంటుంది. కానీ ముక్కనుమ నాడు ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా నేను ఆఫీసు గదిలో ఉంటాను. పిల్లల మార్కుల రిజిస్టరు, రికార్డు షీటు బయట పెట్టి ఉంచుతాను. సాయంత్రం రైలున్న నాన్నలు ముందు రండి, మిగతావాళ్లు కాసేపు ఆగుతారు. పిల్లల్ని వెంటబెట్టుకుని రండి. పెద్ద గేటుకి తాళం ఉంటుంది, బోరింగు పక్కనున్న చిన్న గేటు తీసి ఉంచుతాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, విజయనగరం జిల్లా