సంతకొచ్చినవాళ్ళను దొంగలన్న మీ 11వ భాగం గురించి ఫిర్యాదు

రాజంపేట

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

విషయం: మీ గల్ఫ్ చరిత్ర ఆడియో పాఠాల్లో కువైట్ దిగ్బంధం గురించిన 11వ భాగంలో తప్పులు సరిదిద్దమని కోరుతూ.

అయ్యా,

మీ ఆడియో పాఠాలకు ఏడాది చందా 1,499 రూపాయలు కట్టాను. మా అమ్మాయి, అల్లుడు కువైట్‌లో ఉంటారు. మనవళ్ళిద్దరూ అక్కడే పుట్టారు. పుట్టిన ఊరి సంగతులు తెలుగులో వింటారు కదా అని ఆశపడి కొన్నాను. మొదటి పది భాగాలూ బాగున్నాయి, ఆ మాట కూడా చెప్పాలి. 11వ భాగం మీద మాత్రం ఇప్పటికి రెండు మెయిళ్ళు పెట్టాను. రెండింటికీ 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని ఒకే జవాబు వచ్చింది. నేను రాసింది ఫిర్యాదు. అందుకే ఈసారి పోస్టులో, వివరంగా పంపుతున్నాను.

ఈ విషయం నాకు ఎందుకింత పట్టింపో ముందు చెప్తాను. నేను కువైట్‌లోని షువైఖ్ పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో 19 ఏళ్ళు పనిచేశాను. ఓడలో దిగిన సరుకు కువైట్‌లోనే అమ్మేదైతే ఒక రకం బయాన్ (కస్టమ్స్ పత్రం) రాయాలి, సౌదీకి పోయేదైతే ఇంకో రకం. రెండోదానికి హామీ సొమ్ము పెట్టి, లారీకి సీలు వేయించి పంపేవాళ్ళం. నువైసీబ్ దగ్గర సౌదీ సరిహద్దు దాటినట్టు కాగితం తిరిగొస్తేనే ఆ సొమ్ము మా చేతికొచ్చేది. కాగితం రెండు రోజులు ఆలస్యమైతే మా మందూబ్ (ఆఫీసు పనుల మీద తిరిగే ప్రతినిధి) పడే టెన్షన్ కళ్ళారా చూశాను. ఒకరి రేవులో దిగి పక్క రాజ్యంలో ఖర్చయ్యే సరుకు మీద సుంకం ఎవరికి చెందాలి? కువైట్‌కూ, సౌదీ అరేబియాను స్థాపించిన ఇబ్న్ సౌద్ రాజ్యానికీ మధ్య 1923 నుంచి 1937 దాకా నడిచిన దిగ్బంధానికి మూలం ఈ ప్రశ్నే. మీ 11వ భాగం ఆ దిగ్బంధం గురించే అయినా, 40 నిమిషాల్లో 'సుంకం' అన్న మాట ఒక్కసారే వినిపించింది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఒక అనువాదం. 'ముసాబల' అన్న అరబ్బీ మాటకు మీరు 'దోపిడీ' అని అర్థం చెప్పారు. ఎడారి తెగల దోపిడీని ఆపడానికే దారులు మూశారని కథ అల్లారు. ముసాబల అంటే ఎడారిలో పశువులు మేపుకునే తెగలు పట్నం బజారుకొచ్చి సరుకులు కొనుక్కుపోవడం. నెయ్యి, ఉన్ని, గొర్రెలు తెచ్చి అమ్మి, బియ్యం, టీ, చక్కెర, గుడ్డలు ఒంటెల మీద వేసుకుని పోయేవారు. మన పల్లెల వాళ్ళు సంతకు పోయినట్టే. మా పెద్ద మనవడు మీ పాఠం విని, స్కూల్లో అరబిక్ టీచరమ్మ దగ్గర ముసాబల అంటే దోపిడీ అని చెప్పాడట. 'మా తాత కూడా ముసాబలకు వచ్చేవాడు బాబూ' అందట ఆవిడ. ఇంకేమీ అనలేదట. పిల్లవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు. తప్పు చెప్పింది మీరు, తలవంచుకుంది వాడు.

ఇక కారణం. కువైట్ షేకులు, సౌద్‌లు అనే రెండు వంశాల పాత పగ అని మీరు తేల్చేశారు. పగ లేదని నేను అనను. 1920లో కువైట్‌లోని జహ్రా దగ్గర ఇబ్న్ సౌద్ పక్షం తెగలతో పెద్ద యుద్ధమే జరిగింది. కానీ ఆ తర్వాత అన్నేళ్ళు బజారు మూయించింది డబ్బు లెక్క. బొంబాయి నుంచి వచ్చే మెయిల్ స్టీమర్లు కువైట్‌లో, బహ్రెయిన్‌లో ఆగేవి. ఇబ్న్ సౌద్ 1913లో తుర్కుల నుంచి గల్ఫ్ తీరంలోని అల్ హసా ప్రాంతాన్ని గెలుచుకున్నప్పుడు ఆయన చేతికొచ్చిన ఉకైర్, కతీఫ్ రేవుల్లో పెద్ద ఓడలు నిలిచేంత లోతు లేదు. అందువల్ల ఇబ్న్ సౌద్ సొంత ప్రాంతమైన నజ్ద్ (నడి అరేబియా) జనం తినే బియ్యం కూడా కువైట్‌లో దిగేది, సుంకం కువైట్ షేక్‌కు పోయేది. అప్పటికింకా అక్కడ చమురు లేదు. రాజ్యం నడపడానికి సుంకమే పెద్ద ఆధారం. 'నా జనం కొనే సరుకు మీద నా వాటా నువ్వే వసూలు చేసి పంపు, లేదా నా సుంకం అధికారిని మీ ఊళ్ళో కూర్చోనివ్వు, అదీ కాదంటే ఏడాదికి ఇంతని ఇవ్వు' అన్నది ఆయన కోరిక. కువైట్ పాలకుడు షేక్ అహ్మద్ అల్ జాబిర్ ఒప్పుకోలేదు. పరాయి రాజు మనిషి తన బజారులో కూర్చుని పన్ను లెక్క రాస్తే ఇక ఆ ఊరు ఎవరిదవుతుంది? కువైట్‌లో కొనవద్దని ఇబ్న్ సౌద్ తన తెగలకు ఆజ్ఞ వేశారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, ఇద్దరి పంతానికీ నలిగింది సంతకొచ్చే తెగలూ, కొట్లు పెట్టుకున్న వర్తకులూ. పైగా 1930 నాటికి జపాన్ పెంపుడు ముత్యాలూ, ప్రపంచ ఆర్థిక మాంద్యమూ కలిసి కువైట్ ముత్యాల వ్యాపారాన్ని పడగొట్టాయి. ఎడారి వైపు బజారు, సముద్రం వైపు ముత్యాలు, రెండూ ఒకేసారి పోయాయి. ఇంత కష్టానికి మీ పాఠంలో ఒక్క వాక్యం కూడా దక్కలేదు.

బహ్రెయిన్‌తోనూ ఇదే పేచీ ఉండేది. అక్కడ దిగిన సరుకు చిన్న పడవల్లో ఉకైర్, కతీఫ్ చేరేది. దాని మీద బహ్రెయిన్ ట్రాన్సిట్ సుంకం తీసుకోవడం సౌదీకి నచ్చలేదు. ఇటు ఇరాక్ ఏమో, కువైట్‌లో సుంకం తక్కువ కాబట్టి అక్కణ్ణుంచి తమ దేశంలోకి దొంగచాటుగా సరుకు వస్తోందని గొడవ చేసేది. ఇవి చెప్పి ఉంటే అది వంశాల పగ కాదని పిల్లలకే అర్థమయ్యేది.

తేదీ కూడా తప్పే. ఉకైర్ ఒప్పందంతో దిగ్బంధం ముగిసిందన్నారు. సరిహద్దులు గీసిన ఆ ఉకైర్ ఒప్పందం జరిగింది 1922 డిసెంబర్ 2న. దిగ్బంధం ఆ తర్వాతి ఏడాది మొదలైంది! అది ముగిశాక, కువైట్ తరఫున బ్రిటన్, సౌదీ కలిసి వ్యాపార ఒప్పందం మీద సంతకం చేసింది 1942లో, జెడ్డాలో.

'బ్రిటిష్‌వారు కువైట్‌ను కాపాడారు' అన్న మీ మాటకు నేను ఒప్పుకోలేను. ఉకైర్‌లో బ్రిటిష్ అధికారి సర్ పెర్సీ కాక్స్ గీసిన గీతతో, బ్రిటన్, తుర్కులు 1913లో చేసుకున్న ఒడంబడికలో కువైట్‌దని రాసుకున్న భూమిలో మూడింట రెండు వంతులు పోయింది. షేక్ అక్కడ లేనే లేరు. కువైట్ తరఫున సంతకం చేసింది బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్ మేజర్ మోర్. కువైట్ బ్రిటన్‌తో చేసుకున్న 1899 ఒప్పందం ప్రకారం బ్రిటన్ అనుమతి లేకుండా షేక్ పరాయి రాజ్యం ప్రతినిధిని తన దగ్గరికి రానివ్వకూడదు. తన బజారు తగవును పొరుగు రాజుతో కూర్చుని తేల్చుకునే స్వేచ్ఛ కూడా ఆయనకు లేదన్నమాట. కువైట్ ఏజెంట్ రాసిన ఉత్తరం ఇరాన్ తీరంలోని బూషహ్ర్‌లో ఉండే బ్రిటిష్ రెసిడెంటుకు (గల్ఫ్ వ్యవహారాల పెద్ద అధికారికి), అక్కణ్ణుంచి ఢిల్లీకి, లండన్‌కు పోవాలి. లండన్‌లో ఇండియా ఆఫీసుకు గల్ఫ్ షేకుల మాట ముఖ్యం, విదేశాంగ శాఖకు ఇబ్న్ సౌద్ స్నేహం ముఖ్యం. ఈ రెండు ఆఫీసుల మధ్య తిరుగుతూ తగవు ఏళ్ళకేళ్ళు సాగింది. ఆ రోజుల్లో కువైట్ బజారులో చెల్లింది మన రూపాయే. గల్ఫ్ వ్యవహారాలు చూసింది మన గడ్డ మీది బ్రిటిష్ ప్రభుత్వమే. తెలుగు పిల్లలకు చెప్పే పాఠంలో ఈ సంగతి తప్పకుండా ఉండాలి.

నా చందా డబ్బు వెనక్కి అడగడం లేదు. 11వ భాగాన్ని తీసేసి, సరిదిద్ది మళ్ళీ రికార్డు చేయండి. 'దోపిడీ' అన్న మాట అంతదాకా కూడా ఆగకూడదు, ముందు దాన్ని తొలగించండి. ఇప్పటికే విన్నవాళ్ళందరికీ ఏది తప్పో ఏది ఒప్పో యాప్‌లోనే తెలియజేయండి. అనువాదం చూడటానికి అరబ్బీ వచ్చిన మనిషి దొరకకపోతే నాకు ఫోన్ చేయండి. కువైట్‌లో పనిచేసి తిరిగొచ్చినవాళ్ళు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు, డబ్బు తీసుకోకుండానే సాయం చేస్తారు.

ఏ నిమిషంలో ఏ తప్పు వినిపిస్తుందో విడిగా ఒక కాగితం మీద రాసి జతచేశాను. నెల రోజుల్లో మీ సంతకంతో జవాబు పంపండి. దాన్ని మా మనవడికి పంపిస్తాను, వాడు తీసుకెళ్ళి వాళ్ళ టీచరమ్మకు చూపిస్తాడు.

ఇట్లు,
మీ చందాదారు